పద్దెనిమిదో ఎక్కం

ముందు మంచి కబురు చెప్పేస్తాను, లేకపోతే కడుపులో ఆగేలా లేదు. నేను గ్రాడ్యుయేట్‌నయ్యాను! నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషిని నేనే. నాన్న పదో తరగతి దాటకుండానే దుబాయ్ వెళ్ళాడు. ఇప్పటికీ అక్కడే, బిల్డింగులకు ఏసీ పైపులు వేస్తాడు. అమ్మ అయిదో తరగతితో ఆగిపోయింది, జగిత్యాలలో ఇంట్లోనే మిషన్ కుడుతుంది. ఆ ఇంటి నుంచి రజిత అనే నేను ఇంటర్ అవగానే కెనడాలో రెజైనాకి వచ్చి చదివి, పోయిన వారం నల్ల గౌను వేసుకుని స్టేజి ఎక్కాను. గౌను పొడవెక్కువై మెట్ల మీద తొక్కుకున్నాను కూడా. పడలేదు!

అయితే ఈ రాత పట్టా గురించి కాదు. అది చేతికొచ్చే ముందు, చివరి సంవత్సరం పొడవునా, నా ఒంటి మీద నాకే పెత్తనం లేకుండా పోయింది. దాని గురించి. గడ్డు రోజులు దాటాయి కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. రాస్తే లోపలి వణుకు తగ్గుతుందని కొంత. ఇంకెవరికైనా ఇలా అయితే మేం చేసిన పొరపాటు చేయకుండా ఉంటారని కొంత.

సెప్టెంబరు

మొదట దాహం. కాలేజీకి బస్సులో వెళ్ళేలోపే బాటిల్ ఖాళీ అయ్యేది. క్లాసు మధ్యలో లేచి బాత్రూమ్‌కి పరుగెత్తేదాన్ని. జీన్స్ వదులైపోయింది. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను, డైటింగ్ చేయకుండానే సన్నబడ్డానని. వీడియో కాల్‌లో అమ్మ మాత్రం మొహం చిట్లించింది.

"గట్ల బక్కగైనవేంది బిడ్డా? తింటలేవా?"

"తింటున్నా అమ్మా. పార్ట్‌టైమ్, అసైన్‌మెంట్లు, తిరుగుడు ఎక్కువైంది."

అప్పుడు మేం ఒక బేస్‌మెంట్‌లో అయిదుగురు ఆడపిల్లలం ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో రెజైనాలో అంతే, ఏ విమానం దిగినా మనవాళ్ళే, ఏ బేస్‌మెంట్ కిటికీ దగ్గర నిలబడినా పోపు వాసనే. నా గదిలో ఉండేది భీమవరం ప్రసన్న. వాళ్ళ నాన్నగారికి షుగర్. డిసెంబరులో ఇంటికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్దామని ఆయన కోసం ఇక్కడ ఒక షుగర్ చూసుకునే మిషన్ కొని డ్రాయరులో పెట్టింది.

ఒక ఆదివారం పొద్దున వాంతులు మొదలయ్యాయి. లేచి నిలబడితే గది ఊగుతోంది. ప్రసన్న నా మొహం దగ్గరికి వంగింది.

"నీ నోట్లోంచి ఏదో పండు వాసనొస్తోందేంటే? ఏం తిన్నావ్?"

"ఏం తినలే. నీళ్ళే."

"మా నాన్నకి షుగర్ పడిపోతే అచ్చం ఇలాగే వాలిపోతారు. ఆగు, ఆ మిషన్ తెస్తా."

వేలు గుచ్చింది. చిన్న తెరమీద నంబరు వచ్చింది. ప్రసన్న దాన్ని పైకెత్తి చదివింది.

"ఇరవై ఏడు! బాబోయ్, డెబ్బైకి తగ్గితేనే మా ఇంట్లో గోల పెడతారు. ఇరవై ఏడంటే ఏంటే ఇది... ఒసేయ్, పడుకోకు, లేచి కూర్చో!"

"మధ్యల ఏదో చుక్క ఉంది."

"చుక్క సంగతి తర్వాత! ముందు ఇది తాగు."

అమ్మకి ఫోన్ చేశాం. అక్కడ రాత్రి భోజనాల వేళ. పక్కింటి రాజవ్వ పెద్దమ్మ కూడా మా ఇంట్లోనే ఉంది. ఆమెకి ఎన్నో ఏళ్ళుగా షుగర్, మా వాడకి షుగర్ విషయంలో ఆమే డాక్టరు. నంబరు వినగానే ఫోన్ లాక్కుంది.

"ఇరవై ఏడా! ఓయమ్మో, గంతకు పడ్డదా! చక్కెర నీళ్ళు తాపియ్యిండ్రి జల్ది! మిఠాయి ఉంటె నోట్లె పెట్టుండ్రి!"

"తాగు బిడ్డా, నా తల్లి, తాగు," అని అమ్మ ఏడుస్తోంది.

నారింజ రసం తాగించారు. చక్కెర నీళ్ళు తాగించారు. ప్రసన్న వాళ్ళమ్మ పంపిన సున్నుండలు నలిపి నోట్లో పెట్టారు. నాకు మింగుడు పడటం లేదు, అయినా అందరూ అంత ప్రేమగా బతిమాలుతుంటే మింగాను. మళ్ళీ వేలు గుచ్చితే ఈసారి నంబరే రాలేదు, దాని బదులు రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. "మిషన్ పాడైపోయింది," అంది ప్రసన్న. నేను కుక్కలా రొప్పుతున్నాను. అది చూసి భయపడి ప్రసన్న అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. మిషన్ పాడవలేదని, కొలవలేనంత ఎక్కువుందని చెప్తోందని, అంబులెన్స్ వాళ్ళు వచ్చాక గానీ మాకు తెలియలేదు.

అసలు విషయం ఇదీ. మన దగ్గర షుగర్‌ని ఒక కొలతలో చూస్తారు, కెనడాలో ఇంకో కొలతలో చూస్తారు. ఇక్కడి నంబరుని పద్దెనిమిదితో గుణిస్తే మన నంబరు వస్తుంది. ఇక్కడ అయిదో ఆరో ఉంటే మంచిది. ఇరవై ఏడంటే మన లెక్కలో దాదాపు అయిదొందలు. పడిపోయింది కాదు, ఆకాశంలో ఉంది. మేమంతా కలిసి నిప్పులో నెయ్యి పోశాం. మీ ఇంట్లో ఎవరైనా ఇక్కడి మిషన్ మీద ఇరవై ఏడు చూస్తే, దయచేసి నారింజ రసం దగ్గరికి పోకండి. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

హాస్పిటల్లో నేను కళ్ళు సరిగ్గా తెరిచేసరికి రెండు చేతులకూ పైపులు. బయట వెయిటింగ్ రూమ్‌లో ప్రసన్న ఇంట్లో వేసుకునే చెప్పులతో, నైట్ ప్యాంటుతో కూర్చుని ఉందట. ఎవరో పెద్దావిడ తన కోటు తీసి కప్పిందట. లోపలికి రానివ్వగానే నా మంచం పట్టుకుని నిలబడింది.

"నేనే చంపేసేదాన్నే నిన్ను. సున్నుండలు పెట్టి మరీ."

"సున్నుండలు బాగున్నయి," అన్నాను. అది నవ్వుతూ ఏడ్చింది.

టైప్ వన్ అన్నారు. తిండి వల్ల కాదు, తప్పు వల్ల కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసేదాన్ని ఒళ్ళే పాడుచేసుకుందట. ఇక జీవితాంతం సూదులు. డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది. నేను "ఎప్పుడు తగ్గుతుంది?" అని అడిగాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ కూర్చోవడంలోనే నాకు జవాబు తెలిసిపోయింది.

అక్టోబరు

నాన్న దుబాయ్ నుంచి ఒకటే మాట. "సదువద్దు ఏమద్దు. వచ్చెయ్ బిడ్డా. పానం కన్నా ఎక్కువనా?"

నేను ఒక్క సంవత్సరమే మిగిలిందని ఏడ్చాను. నాన్నకి కోపం, భయం ఒకే గొంతులో వస్తాయి, విడదీయలేం. మూడు దేశాల్లో ముగ్గురం ఫోన్‌లోనే వాదులాడుకున్నాం. చివరికి అమ్మ అంది, "ఇక్కడికొస్తె మాత్రం ఏం జేస్తం? ఇక్కడ గూడ గదే సూది, గదే నంబరు. డిగ్రీ ఒక్కటి తక్కువైతది, అంతే గదా."

నాన్న ఇంకేదో అనబోతుంటే అమ్మే అందుకుంది.

"కాని నాదొక్క షరతు. దాని నంబరు నాకు దినాం కనవడాలె. కనవడుడు బందైన నాడు బిడ్డ విమానం ఎక్కాలె."

నా డిగ్రీ ఆ షరతు మీద నిలబడింది.

డయాబెటిస్ క్లినిక్‌లో నర్సు మెగన్ నా చేతి వెనక షుగర్ కొలిచే రూపాయి బిళ్ళంత సెన్సర్ అతికించింది. ఫోన్‌లో యాప్ వేసింది. కాసేపటికోసారి నంబరు మారుతుంది, పక్కన బాణం ఉంటుంది. బాణం పైకుంటే ఎక్కుతోంది, కిందికుంటే దిగుతోంది. వెనక గీత. మరీ తగ్గినా, బాగా ఎక్కినా అలారం. ఇంట్లో ఒకరికి ఆ నంబరు వాళ్ళ ఫోన్‌లో కూడా కనిపించేలా పెట్టుకోవచ్చంది. "ఎవరిని పెట్టమంటావ్?"

"మా అమ్మని."

"ఆమె ఎంత దూరంలో ఉంటుంది?"

చెప్పాను. మెగన్ యాప్‌లో ఇంకో పేరుకి చోటు చూపించింది. "నువ్వు పడిపోతే రాగలిగేవాళ్ళు కూడా ఒకరుండాలి," అంది మెల్లగా. అప్పుడు ప్రసన్నని కూడా చేర్చాం.

జగిత్యాలలో అమ్మ దగ్గర కుట్టు నేర్చుకునే అమ్మాయి యాప్ వేసి పెట్టింది. అందులోనూ కెనడా నంబర్లే. అమ్మకి సెప్టెంబరు తర్వాత ఆ చిన్న నంబర్లంటే నమ్మకం పోయింది. "మన లెక్కల చెప్పు," అనేది. చివరికి తనే మొదలుపెట్టింది. చిన్నప్పుడు బడిలో ఇరవై ఎక్కాల దాకా నేర్పారట, పద్దెనిమిది దగ్గర దెబ్బలు తిన్నదట. ఇప్పుడు మిషన్ తొక్కుతూ వల్లె వేసేది. "పద్దెనిమిది మూళ్ళు యాభై నాలుగు. పద్దెనిమిది నాళ్ళు డెబ్బై రెండు. పద్దెనిమిది అయిదులు తొంభై." బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, ఈ వయసులో మళ్ళీ బడికి పోతున్నవా వదినా అని ఎగతాళి చేసేవాళ్ళట.

యాప్ రాకతో అంతా చక్కబడిందని రాయాలని ఉంది. చక్కబడలేదు. ఏం తినాలో, ఎంత సూది వేసుకోవాలో క్లినిక్‌లో చెప్పినట్టే చేసేదాన్ని. నిన్నటి ఉప్మానే, నిన్నటి సూదే. నిన్న ఆరు, ఈవేళ పదిహేను. ఎందుకు? నిద్ర తక్కువైనా ఎక్కుతుంది, జలుబు చేసినా ఎక్కుతుంది, నడిస్తే దిగుతుంది, కొన్నిసార్లు దానికే తెలియాలి. క్లాసులో అలారం మోగితే అరవై తలకాయలు నావైపు తిరిగేవి. ఆ గీతని చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగేది ఉండేది కాదు. సూది వేసినా పని చేయడానికి టైం పడుతుంది. ఆ టైం అంతా ఖాళీ చేతులతో ఉండాలి.

ఇంకొకటి కూడా పోయింది. అమ్మ ఫోన్ చేయగానే "తిన్నవా బిడ్డా" అనేది. ఇప్పుడు అనదు. తిన్నానని గీత చెప్పేసింది. "ఏం తిన్నవ్? బాణం మీదికున్నది," అంటుంది. నేను బాగున్నానో లేదో అమ్మకి అబద్ధం చెప్పే వీలు లేకుండా పోయింది. అబద్ధం చెప్పడం కూడా ఒక సుఖమని అప్పుడే తెలిసింది.

క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో ఒక ముసలాయన కలిసేవాడు. వాల్టర్. రెజైనాకి దూరంగా గోధుమలు పండిస్తాడు. చిన్నపిల్లాడప్పటి నుంచి టైప్ వన్. ఆయన చేతికీ నాలాంటి బిళ్ళే.

"నీది ఎవరు చూస్తారు?" అని అడిగాడు.

"మా అమ్మ. ఇండియాలో."

"నాది మా ఆవిడ. వంటింట్లోంచి. ఈనబోయే ఆవుని చూసినట్టు చూస్తుంది." జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళలు తీసి నా చేతిలో పోశాడు. "నీ మొహం చూస్తే పొద్దుట నంబరు బాగా లేనట్టుందే."

అన్నీ సరిగ్గా చేశానని, అయినా పదిహేడు ఉందని చెప్పాను.

"అమ్మాయ్, పంట మీద వడగళ్ళు పడితే నేనెప్పుడూ నన్ను తిట్టుకోలేదు. బయట నిలబడి చూశాను. తర్వాత లోపలికి వెళ్ళి కాఫీ తాగాను. మరుసటి రోజు మళ్ళీ ట్రాక్టర్ ఎక్కాను," అన్నాడు.

ఆ మాట నాకు మందులా పనిచేయలేదు. కానీ అలా నిలబడి చూసినవాళ్ళలో నేను మొదటిదాన్ని కాదని తెలిసింది.

జనవరి

రెజైనా చలి గురించి చెప్తే ఇండియాలో ఎవరూ నమ్మరు. కనురెప్పలు అతుక్కుంటాయి. ఇంజన్ గడ్డకట్టకుండా కార్లని ఫోన్‌లాగా కరెంటుకి గుచ్చి పెడతారు. ఇన్సులిన్ గడ్డకడితే పారేయడమే, అందుకని పెన్ను బనీను లోపల పెట్టుకుని తిరిగేదాన్ని. ఫోన్‌కి మాత్రం అలాంటి చోటు ఆలోచించలేదు.

ఆ రోజు పొద్దున బస్సు ఆలస్యం. స్టాప్‌లో నిలబడి ఫోన్ తీసి చూశాను. షుగర్ మూడున్నర. బాణం కిందికి. చూస్తుండగానే తెర నల్లబడింది. బ్యాటరీ సగం పైనే ఉంది, చలికి చచ్చిపోయింది. చేతులు వణుకుతున్నాయి, చలికో షుగర్‌కో తెలియదు. జేబులో గ్లూకోజ్ బిళ్ళలు రాళ్ళలా బిగుసుకున్నాయి. చేతి తొడుగు తీసి, నమిలి, బుగ్గలో పెట్టుకుని కరిగించుకున్నాను. బస్సు వచ్చింది. నా మొహం చూసి డ్రైవరు ఏమీ అడగలేదు, హీటర్ పక్క సీటు చూపించాడు. కాసేపటికి తల తేటపడింది. నాకేం కాలేదు.

అక్కడ జగిత్యాలలో దీపాలు పెట్టే వేళ. అమ్మ ఫోన్‌లో మూడున్నర, కింది బాణం. ఆ తర్వాత ఏమీ లేదు. గీత అక్కడే తెగిపోయింది.

పద్దెనిమిది మూళ్ళు యాభై నాలుగు, సగానికి తొమ్మిది, అరవై మూడు. అక్కడిదాకా అమ్మ లెక్క కట్టగలిగింది. తర్వాతది కట్టడానికి నంబరు లేదు. నాకు ఫోన్ చేసింది, పోదు. ప్రసన్నకి చేసింది. అది కాఫీ షాపులో షిఫ్ట్‌లో ఉంది, ఫోన్ లాకర్‌లో. నాన్నకి చేసింది. నాన్న ఎత్తాడు. కానీ నాన్న దుబాయ్‌లో ఉండి ఏం చేస్తాడు? "చూడు, మళ్ళ చూడు," అంటాడు. అమ్మ చూస్తుంది. ఏమీ లేదు. రాజవ్వ పెద్దమ్మ వచ్చింది, వాడ వాళ్ళు వచ్చారు. అందరూ ఆ ఫోన్ చుట్టూ కూర్చున్నారట, మనిషి పోయిన ఇంట్లో కూర్చున్నట్టు.

నేను క్లాసులో ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకుని వెచ్చబెట్టి ఆన్ చేసేసరికి మిస్డ్ కాల్స్ తెరమీద వానలా కురిశాయి. బయటికి పరుగెత్తి ఫోన్ చేశాను.

"అమ్మా!"

అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"అమ్మా, మంచిగనే ఉన్న. చలికి ఫోన్ బందైంది, గంతే."

"సరే," అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "సరే బిడ్డా. కిలాసుకు పో."

అమ్మ నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ యూనివర్సిటీ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఆ యాప్ నాకు కాపలా అనుకున్నాను, అమ్మకి ధైర్యం అనుకున్నాను. నిజానికి నేను పడిపోతుంటే చూడటానికి అమ్మకి ఒక కిటికీ పెట్టి, తలుపు పెట్టకుండా వదిలేశాను. చూడకుండా ఉండలేదు, చూసి చేయగలిగేది లేదు.

నాన్న ఆ సాయంత్రమే టికెట్ల సంగతి ఎత్తాడు. షరతు షరతే అన్నాడు. కనిపించడం ఆగింది కదా అన్నాడు. నేను చలి గురించి, బ్యాటరీ గురించి ఏదేదో వివరించాను. అమ్మ చివరికి మాట్లాడింది.

"ఆగింది నంబరు. బిడ్డ ఆగలే. ఇంకొక్కపారి చూస్తం."

నాన్న సరే అనలేదు, కాదనలేదు. "ఇంకొక్కపారే," అన్నాడు. ప్రసన్న ఒక ఉన్ని మేజోడుని కత్తిరించి, తాడు కట్టి, ఫోన్‌కి సంచి కుట్టింది. వంకరటింకర కుట్టు. వీడియోలో చూసి అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. "ఆ పిల్లకు చెప్పు, ఇండియాకు వస్తె నేను మిషన్ నేర్పిస్త."

ఏప్రిల్

ఆ ఇంకొక్కసారి ఆఖరి పరీక్ష ముందు రోజు వచ్చింది.

ఆ రోజు నా ఫోన్ తనంతట తానే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంది. యాప్ నొక్కితే తెల్లటి తెర. కింద ఒక వాక్యం, ఈ వెర్షన్‌లో ఇంకా పనిచేయదు, దయచేసి వేచి ఉండండి అని. హెల్ప్‌లైన్‌కి చేస్తే సంగీతం. మళ్ళీ చేస్తే మళ్ళీ సంగీతం. నేను అమ్మకి చూపించడానికి నంబరు లేదు, నేను చూసుకోవడానికీ లేదు. అన్ని నెలలూ ఆ నంబరుని తిట్టుకున్నాను. అది కనిపించకపోతే గుడ్డిదాన్నయినట్టు ఉంది.

పరీక్ష రాయడానికి యూనివర్సిటీ వాళ్ళు నాకు విడిగా చిన్న గది ఇచ్చారు, మధ్యలో ఆగి తినడానికి, ఫోన్ చూసుకోవడానికి అనుమతితో. ఇప్పుడా ఫోన్‌లో చూసుకోవడానికి ఏముంది?

ఈసారి దాచిపెట్టే ఓపిక లేదు. గ్రూప్ కాల్ పెట్టి అంతా చెప్పేశాను.

"పరీక్ష పోతే మళ్ళ రాయచ్చు," అన్నాడు నాన్న. "రేపు పోకు. పడిపోతే ఎవరు చూస్తరు?"

"నేను చూస్తానంకుల్."

ప్రసన్న నా వెనక నిలబడి ఉంది. డ్రాయరు లాగి ఏదో వెతుకుతోంది. వాళ్ళ నాన్నగారి కోసం కొన్న మిషన్. సెప్టెంబరు తర్వాత దాన్ని అది మళ్ళీ ముట్టుకోలేదు. డిసెంబరులో ఇంటికీ తీసుకెళ్ళలేదు. బట్టల కింద దాచింది.

"రేపు షిఫ్ట్‌కి సెలవు పెట్టేశా. గది బయటే కూర్చుంటా. మధ్యలో బయటికొచ్చినప్పుడల్లా వేలు గుచ్చుతా, ఫొటో తీసి మీకు గ్రూపులో పెడతా. ఈసారి చుక్కని కూడా చూస్తా ఆంటీ, మీరు కంగారు పడకండి."

అమ్మ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నాన్న ఫోన్ పెట్టేశాడు.

మరుసటి రోజు స్టాటిస్టిక్స్ పేపరు. మొదటి సగం రాశాను. చేతికి చెమట. భయానికా, తగ్గుతోందా? లోపల్నుంచి కనిపెట్టడం నాకు చేతకావడం లేదు. అంకెలన్నీ ఒకదాని మీదొకటి పాకుతున్నాయి. బయటికొచ్చాను. వరండాలో బల్ల మీద ప్రసన్న మిషన్, దూది, ఆపిల్ రసం డబ్బా పేర్చుకుని గుడి ముందు కొబ్బరికాయలమ్మేదానిలా కూర్చుని ఉంది.

వేలు ఇచ్చాను. ఇద్దరం తెర వైపు చూస్తున్నాం. అది మిషన్‌ని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఏడు," అంది. "ఏడు, చుక్క, సున్నా. చూడు, నువ్వే చూడు."

ఫొటో గ్రూపులో పెట్టింది. నేను నీళ్ళు తాగేలోపు ఫోన్ మోగింది. నాన్న వాయిస్ మెసేజ్. రాత్రి డ్యూటీలో ఉన్నట్టున్నాడు, వెనక సైటులో ఏదో మిషన్ చప్పుడు, దానిమీంచి గట్టిగా అరుస్తున్నాడు.

"పద్దెనిమిది ఏడులు నూట ఇరవై ఆరు. మంచిగున్నది. రాయి బిడ్డా, పో, రాయి!"

నాన్నకి ఆ ఎక్కం ఎప్పుడొచ్చింది? ఎవరు నేర్పారు? అడగలేదు. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి మిగతాది రాశాను.

కొన్నాళ్ళకి యాప్ దానంతట అదే బాగైంది. ఎందుకు పోయిందో, ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. గీత మళ్ళీ మొదలైంది, మధ్యలో ఖాళీ వదిలేసి.

జూన్

రిజల్ట్స్ వచ్చాయి. పాస్! వర్క్ పర్మిట్‌కి అప్లై చేశాను! నాన్న సైటులో అందరికీ టీ తాగించాడట. రాజవ్వ పెద్దమ్మ తనకి షుగరని మర్చిపోయి మిఠాయి తిని, అమ్మ చేత తిట్లు తిన్నదట.

కాన్వొకేషన్‌కి అమ్మా నాన్నా రాలేకపోయారు. లైవ్ వస్తుందని లింకు పంపాను. జగిత్యాలలో మా ముందు గదిలో కుట్టు మిషన్ మీద ఫోన్ నిలబెట్టి వాడంతా కూర్చున్నారు. ఇక్కడ నేను వరసలో నిలబడి ఉన్నాను. గౌను లోపల, ప్రసన్న కుట్టిన మేజోడు సంచిలో ఫోన్. వేసవిలో సంచి ఎందుకే అంటే అచ్చిరావాలి కదే అంది. ఒక్కో పేరూ పిలుస్తున్నారు. నా పేరు వచ్చింది. వాళ్ళు పలికిన తీరులో అది నా పేరని నాకే అనుమానం వచ్చింది. మెట్ల మీద గౌను తొక్కుకున్నాను, చెప్పాను కదా. నడిచాను. ఎవరో చెయ్యి కలిపారు. హాలు వెనక నుంచి ప్రసన్న వేసిన ఈల మాత్రం స్పష్టంగా వినిపించింది.

దిగి కూర్చోగానే ఫోన్ గుండె దగ్గర అదిరింది. అలారం. చూస్తే పదకొండు, బాణం నిలువుగా పైకి. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. సంతోషానికి, గాభరాకి ఎక్కింది.

హాలు బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"చూసినవా అమ్మా?"

"యాడ జూసిన! నీ ముంగట ఇద్దరున్నరనంగ వీడియో ఆగిపోయింది. గిర్రున తిరుగవట్టె. అందరు మొత్తుకుంటున్నరు. మీ నాయిన దుబాయ్ నుంచి నామీద కోపం జేస్తున్నడు, నేనే ఆపినట్టు."

నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసి, అమ్మ చూడలేదు.

"మరి?"

"మరేంది, నీ యాప్ తెరిచిన. ఏడున్నది. చూస్తున్న. ఎనిమిదైంది, తొమ్మిదైంది. గీత సక్కగ మీదికి పోతనే ఉన్నది. నువ్వు ఏం తినలేదని నాకెరుక. అప్పుడు చెప్పిన అందరికి, ఇగో, నా బిడ్డను పిలిచిండ్రు, మెట్లెక్కుతున్నది అని."

"పదకొండైంది అమ్మా. ఇప్పుడు సూది వేసుకోవాలె."

"పద్దెనిమిది పదకొండ్లు నూట తొంభై ఎనిమిది," అంది అమ్మ, ఎక్కం అప్పజెప్పినట్టు. "నాకెరుకే. జర సేపు ఉండనియ్యి బిడ్డా. దిగేది ఎట్లనన్న దిగుతది. జర సేపు చూడనియ్యి నన్ను."